చార్జర్ కాదండీ, టీవీ వెనకాల చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కరెంటు ఆదా అనగానే పేపర్లలో, మీ పేపర్లో కూడా, ఎప్పుడూ ఒకటే చిట్కా వస్తుంది: ఫోను చార్జింగ్ అయిపోయాక చార్జర్‌ని ప్లగ్గులోంచి తీసేయండి అని. పక్కన చార్జర్ బొమ్మ కూడా వేస్తారు. అది చదివి చదివి మా ఇంట్లో ఏళ్ల తరబడి అదే పని చేశాం. ఎవరైనా మర్చిపోతే నేనే వెళ్లి చార్జర్ పీకి, వాళ్లకి నాలుగు మాటలు వినిపించి మరీ వచ్చేవాణ్ని. ఈమధ్య ఒక చిన్న మీటరు నా చేతికొచ్చింది, ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య పెడితే ఆ వస్తువు ఎన్ని వాట్లు లాగుతోందో చూపించే రకం. ఆపేసిన వస్తువులు కూడా ఎంత తింటున్నాయో దాంతో ఇల్లంతా కొలిచాక తెలిసిందేంటంటే, ఇన్నేళ్లూ ఏనుగు పోయే దారి వదిలేసి ఎలుక కన్నాలు పూడ్చుకుంటూ కూర్చున్నానని. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ముందు ఆ చార్జర్ సంగతి తేల్చేద్దాం. ఫోను తగిలించకుండా ఖాళీగా వేలాడుతున్న చార్జర్ని నా మీటరుకి పెడితే సున్నా చూపించింది. మీటరు చెడిపోయిందేమో అనుకున్నాను. చెడిపోలేదు, అది లాగేది ఆ మీటరుకు అందనంత తక్కువ. అమెరికాలో 2016 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం ఫోను చార్జర్లలాంటి చిన్న అడాప్టర్లు ఖాళీగా ఉన్నప్పుడు వాట్‌లో పదో వంతు మించి లాగకూడదు, పేరున్న కంపెనీలు దాదాపు అన్నిచోట్లా ఆ పద్ధతిలోనే తయారుచేస్తున్నాయి. వెయ్యి వాట్లు ఒక గంట లాగితే ఒక యూనిట్. సంవత్సరానికి 8,760 గంటలు, కాబట్టి ఒక వాట్ ఏడాది పొడుగునా లాగితే 8.76 యూనిట్లు అవుతుంది, అందులో పదో వంతంటే ఒక్క యూనిట్ కూడా కాదు. పట్టుకుంటే వెచ్చగా తగిలే పాత బరువైన అడాప్టర్లు వేరు, లోపల ఇనుము, రాగి తీగ చుట్టలు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది వాటిలో, అవి ఊరికే ఉన్నా ఒకటి నుంచి మూడు వాట్ల దాకా తింటాయి. వాటిని పీకండి, తప్పులేదు. ఈ కాలపు ఫోను చార్జర్ కోసం మాత్రం ఇంట్లో గొడవలు పడొద్దు.

మరి అసలు తినేదెవరు? మా ఇంట్లో తేలిన ముద్దాయి సెట్‌టాప్ బాక్సు. టీవీ చూస్తున్నప్పుడు 12 వాట్లు. రిమోట్‌తో ఆపేసి, పచ్చ లైటు పోయి ఎర్ర లైటు వచ్చాక, 11 వాట్లు. మళ్లీ చదవండి, అచ్చుతప్పు కాదు. ఆపడం అంటే అది చేసిన పనల్లా లైటు రంగు మార్చి టీవీకి బొమ్మ పంపడం మానేయడమే, లోపల ప్రాసెసర్, ట్యూనరు, ఇంకా ఏమేం ఉన్నాయో అన్నీ మేలుకునే ఉన్నాయి. అన్ని బాక్సులూ ఇలాగే ఉంటాయని అనను, కొత్త వాటిలో నిజంగా నిద్రపోయేవి ఉన్నాయి, సెట్టింగుల్లో డీప్ స్లీప్ అనో, పవర్ సేవ్ అనో ఒకటి దాక్కుని ఉంటుంది, వెతకండి. నా దాంట్లో లేదు.

దాని పక్కనే టీవీ ఉంది. అంత పెద్ద టీవీ, ఆపేస్తే లాగేది అర వాట్ కూడా లేదు! నేను అనుమానించిందంతా దాన్నే. టీవీ కింద సౌండ్ సిస్టమ్, దాని తాలూకు నేల మీద పెట్టే పెద్ద బాక్సు, పాట లేకపోయినా మాట లేకపోయినా రాత్రింబవళ్లూ 9 వాట్లు. మైక్రోవేవ్ ఓవెన్ 3 వాట్లు, గడియారం చూపించడానికి. ఇక్కడ ఒక తమాషా లెక్క ఉంది. మూడు వాట్లు ఇరవైనాలుగు గంటలంటే 72 వాట్ అవర్లు. అదే ఓవెన్ వేడిచేసేటప్పుడు 1200 వాట్లు లాగుతుందనుకుంటే 72 వాట్ అవర్లకు మూడున్నర నిమిషాల పైచిలుకు మాత్రమే నడుస్తుంది. మేం దాంట్లో రోజూ చేసేదల్లా ఒకటి రెండుసార్లు ఏదో కాస్త వేడిచేసుకోవడం. అంటే మా ఇంట్లో అది వంట సామాను కాదు, కాస్త వేడి కూడా చేసే గడియారం. పైగా ఆ టైము కూడా ఎప్పుడూ తప్పే.

కంప్యూటర్ బల్ల దగ్గర స్పీకర్లు, ప్రింటరు, షట్‌డౌన్ చేసిన డెస్క్‌టాప్, మానిటరు అన్నీ కలిపి 8. రౌటరు 7, దాన్ని ఏమీ అనలేం, పని చేస్తోంది. వాషింగ్ మెషీను, ఏసీ లాంటి చిల్లర మల్లర ఒక 3. మొత్తం 41 వాట్లు. ఇంట్లో ఎవరూ ఏదీ వాడనప్పుడు, అందరం నిద్రపోయినప్పుడు కూడా. ఏడాదికి 359 యూనిట్లు.

మీటరు కొనక్కర్లేకుండా ఎవరైనా చూసుకునే పద్ధతి ఒకటుంది, ఇది మాత్రం దయచేసి తీసేయకుండా వేయండి. ఎలక్ట్రానిక్ కరెంటు మీటరు మీద చిన్న ఎర్ర లైటు మినుకుమంటూ ఉంటుంది కదా, దాని పక్కన ఒక అంకె రాసి ఉంటుంది, ఒక్క యూనిట్‌కు ఎన్నిసార్లు మినుకుమంటుందో ఆ అంకె. మాది 3200. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు ఆపండి, ఫ్రిజ్ ప్లగ్గు ఒక పది నిమిషాలు తీయండి (మళ్లీ పెట్టడం మర్చిపోకండి, నేను మర్చిపోయాను, ఆ గొడవ ఇక్కడెందుకు లెండి). టీవీ, కంప్యూటర్ వగైరా రిమోట్‌తోనో బటన్‌తోనో ఆపుతారే, అలాగే ఆపి వదిలేయండి. ఇప్పుడు ఒక మినుకుకీ తర్వాత మినుకుకీ మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. 36 లక్షల్ని ఆ మీటరు అంకెతో భాగించి, వచ్చినదాన్ని సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. 3200 మీటరు అయితే 1125ని సెకన్లతో భాగిస్తే చాలు. నాకు 27 సెకన్లు వచ్చింది, అంటే 41 చిల్లర, విడివిడిగా కొలిచిన దాంతో సరిపోయింది. ఒకటి రెండు మినుకులు కాకుండా ఓ పది మినుకులు చూసి సగటు తీసుకుంటే ఇంకా మంచిది. మల్టీమీటరుతో ఆంపియర్లు కొలిచి వోల్టేజీతో గుణించే లెక్క మాత్రం పెట్టుకోవద్దు, ఇలాంటి ఎలక్ట్రానిక్ వస్తువులకు పవర్ ఫ్యాక్టర్ (లాగినట్టు కనిపించే దాంట్లో నిజంగా ఖర్చయ్యే పాలు) తక్కువగా ఉంటుంది కాబట్టి ఉన్నదానికంటే బాగా ఎక్కువ చూపించి అనవసరంగా టెన్షన్ పెడుతుంది.

సరే, తెలిసింది, ఏం చేయాలి? స్విచ్ ఆపొచ్చు కదా అంటారు. ఆపొచ్చు. కానీ టీవీ తాలూకు స్విచ్ బోర్డు ఎక్కడుంటుందో ఒకసారి గుర్తుచేసుకోండి, సరిగ్గా టీవీ వెనకాలో, స్టాండు వెనకాలో. రోజూ రాత్రి అక్కడికి వంగి చెయ్యి దూర్చే ఓపిక మొదటి వారం ఉంటుంది. రెండో వారానికి మా ఇంట్లో ఎవరూ చేయలేదు, పెద్ద ఉపన్యాసం ఇచ్చిన నాతో సహా. అప్పుడు తెచ్చాం ఈ స్మార్ట్ పవర్ స్ట్రిప్.

చూడ్డానికి మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగే ఉంటుంది. ఒక సాకెట్టు మాస్టర్, టీవీని దానికి పెట్టాలి. ఇంకో మూడు నాలుగు దాని మాట వినేవి. ఒకటి రెండు ఎప్పుడూ కరెంటు ఉండేవి. మాస్టర్ సాకెట్టులోంచి ఎంత కరెంటు పోతోందో లోపల చిన్న సెన్సర్ చూస్తూ ఉంటుంది, టీవీ ఆపగానే 80 వాట్లు కాస్తా అర వాట్‌కు పడిపోతుంది కదా, అది కనిపెట్టి టక్‌మని ఒక రిలే (దానంతటదే పడే చిన్న స్విచ్) మిగతా సాకెట్లకు కరెంటు తీసేస్తుంది. టీవీ వేయగానే మళ్లీ టక్. ఇంటర్నెట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, నాకు ఇందులో నచ్చింది అదే.

ఇలాంటివి ఇంకా రకాలున్నాయి. మనిషి కదలిక పసిగట్టేది మేం మొదట ప్రయత్నించాం. మా అమ్మ సీరియల్ మొదలైతే కనురెప్ప కూడా ఆర్పదు, ఆ సెన్సరు గదిలో ఎవరూ లేరనుకుని సరిగ్గా కథ ముదిరే టైముకి టీవీ ఆపేసింది. ఆవిడ మొదట కరెంటు పోయిందనుకుంది, రెండోసారి బాక్సు చెడిపోయిందనుకుంది, మూడోసారి నన్ను పిలిచింది. రిమోట్ నొక్కుతున్నారా లేదా అని కూడా చూసే రకాలున్నాయి, కొంతసేపు ఎవరూ ఏ బటనూ నొక్కకపోతే ముందు లైటు మిణికించి హెచ్చరించి ఆ తర్వాత ఆపుతాయి. టీవీ పెట్టుకుని నిద్రపోయే అలవాటున్న ఇళ్లకు అవి మంచివే. మా ఇంటికి మాత్రం పాత పద్ధతి మాస్టర్ రకమే సరిపోయింది.

వైఫైతో నడిచే స్మార్ట్ ప్లగ్గుల గురించి మాత్రం కొంచెం జాగ్రత్త. ఫోనులోంచి ఆపొచ్చు, టైమర్ పెట్టొచ్చు, బాగానే ఉంటుంది, కానీ రౌటరు మాట వినడానికి ఆ ప్లగ్గు కూడా రోజంతా మేలుకుని ఉండాలి కదా, అందుకు అదే సుమారు ఒక వాట్ తింటుంది. ఫోను చార్జర్ కోసం అలాంటి ప్లగ్గు పెట్టారనుకోండి, వాట్‌లో పదో వంతు మిగల్చడానికి ఒక వాట్ ఖర్చు. కంచే చేను మేసినట్టు. ఆ మాటకొస్తే మా మాస్టర్ రకం కూడా 0.7 వాట్ తింటోంది. అందుకే ముందు కొలవండి, ఆ తర్వాతే కొనండి అంటున్నాను. మాస్టర్ మాట వినే సాకెట్లలో పెట్టే వస్తువులన్నీ కలిపి ఐదారు వాట్లు కూడా లాగకపోతే అక్కడ స్మార్ట్ స్ట్రిప్ దండగ, స్విచ్ ఉన్న మామూలు బాక్సు తెచ్చి బల్ల మీదికి, చేతికి అందేచోట పెట్టుకోండి. నా లెక్కలో ఇంటికి రెండే చోట్ల ఇది పనికొస్తుంది: టీవీ దగ్గర, కంప్యూటర్ దగ్గర.

కంప్యూటర్ దగ్గర కూడా దెబ్బ తిన్నాం. డెస్క్‌టాప్ బదులు మా అబ్బాయి తన ల్యాప్‌టాప్‌ని మాస్టర్‌లో పెట్టాడు. కాసేపు బాగానే ఉంది. బ్యాటరీ నిండాక ల్యాప్‌టాప్ లాగే కరెంటు తగ్గిపోతుంది కదా, స్ట్రిప్ ఏమో కంప్యూటర్ ఆపేశారనుకుని మానిటరు, స్పీకర్లు అన్నీ కట్టేసింది, వాడు పని మధ్యలో ఉన్నాడు. కొన్ని స్ట్రిప్పులకు వెనకాల చిన్న స్క్రూ ఉంటుంది, ఎన్ని వాట్ల దగ్గర ఆపాలో దాంతో మార్చుకోవచ్చు, మా దానికి లేదు. డెస్క్‌టాప్ అయితే ఈ బాధ ఉండదు. ప్రింటరు ఇంకో కథ. ఇంక్‌జెట్ ప్రింటరుకి కరెంటు తీసేసి ఇచ్చిన ప్రతిసారీ అది మొదటినుంచి మొదలుపెట్టి ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు (నాజిల్) శుభ్రం చేసుకుంటుంది, అందుకు ఇంకు వాడుతుంది. రెండు వాట్లు మిగిలాయి గానీ ఇంకు కార్ట్రిడ్జ్ ఎప్పటికంటే ముందే అయిపోయింది. ఇప్పుడు ప్రింటరుని ఎప్పుడూ కరెంటు ఉండే సాకెట్టులో పెట్టి, దాని బటన్‌తోనే ఆపుతున్నాం.

ఇలా తీసేయకూడనివి మరికొన్ని ఉన్నాయి. ఫ్రిజ్, రౌటరు, ఎవరికైనా ఊపిరికి సాయంగా మెషీను ఉంటే అది, వీటి జోలికి వెళ్లొద్దని వేరే చెప్పక్కర్లేదు. ప్రొజెక్టరు ఆపాక ఫ్యాను తిరిగి లాంపు చల్లబడే దాకా కరెంటు ఉండాలి. ఓఎల్‌ఈడీ అనే రకం తెర ఉన్న టీవీలు ఆపేశాక నిద్రలోనే తెరను సరిచేసుకునే పని ఒకటి చేసుకుంటాయి, వాటికి గోడ దగ్గర కరెంటు కట్టేయొద్దు. మాస్టర్ సాకెట్టులో పెడితే ఇబ్బంది లేదు, ఎందుకంటే దానికి కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఇంకోటి, ఇస్త్రీ పెట్టె, హీటరు, ఏసీ ఇలాంటి స్ట్రిప్పుల్లో పెట్టకండి, ఒక స్ట్రిప్పులో ఇంకో స్ట్రిప్పు గుచ్చకండి. కరెంటు ఆదా సంగతి తర్వాత, ఇల్లు కాలకుండా ఉండాలి.

ఇప్పుడు లాభం ఎంతో చెప్తాను. సెట్‌టాప్ బాక్సుకి రోజుకు 18 గంటలు కరెంటు లేదు, ఏడాదికి 72 యూనిట్లు. సౌండ్ సిస్టమ్‌కి 59. కంప్యూటర్ బల్ల, ప్రింటరు పోగా, 43 దాకా. ఓవెన్‌కి స్విచ్ చేతికి అందుతుంది కాబట్టి అక్కడే ఆపుతున్నాం, 26. రెండు స్ట్రిప్పులు తినే 12 తీసేస్తే ఏడాదికి 188 యూనిట్లు. 50 వాట్ల ఫ్యాను రోజుకు 8 గంటల చొప్పున 470 రోజులు తిరిగేంత. ఇది బిల్లు సగానికి సగం తగ్గించే మంత్రమేం కాదు, ఏసీ, గీజరు ఉన్న ఇంట్లో అసలు ఖర్చు అక్కడే ఉంటుంది. కానీ ఏసీ కనీసం చల్లదనం ఇస్తుంది. ఈ 188 యూనిట్లు మాకు ఏమీ ఇవ్వలేదు.

ఇబ్బంది ఒకటే, సెట్‌టాప్ బాక్సు మళ్లీ లేచి కూర్చోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. మొదట్లో అమ్మ సణిగింది. ఇప్పుడు టీవీ వేసి కళ్లజోడు వెతుక్కోవడానికి వెళ్తుంది, అది దొరికేసరికి బాక్సు సిద్ధంగా ఉంటుంది. రాత్రిపూట ప్రోగ్రాం రికార్డు చేసుకునేవాళ్లకు మాత్రం ఇది కుదరదు.

అయితే నా అసలు ఫిర్యాదు ఇది కాదు. ఒక వస్తువు ఆపేశాక కూడా కరెంటు తాగుతోందని, దాన్ని నిజంగా ఆపడానికి ఇంకో వస్తువు కొనుక్కుని, ఆ ఇంకో వస్తువు తినే కరెంటు కూడా లెక్కేసుకుని బతకాల్సిన ఖర్మ మనకెందుకు? ఇది తయారుచేసేవాడు చేయాల్సిన పని, పైగా చేయగలడని ఎప్పుడో తేలిపోయింది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబొరేటరీకి చెందిన అలన్ మయర్ ఏ వస్తువైనా స్టాండ్‌బైలో, అంటే ఆపేసి ప్లగ్గులోనే వదిలేసినప్పుడు, ఒక వాట్ మించకూడదని 1998లోనే ప్రతిపాదించాడు, మరుసటి ఏడాది అంతర్జాతీయ ఇంధన సంస్థ దాన్ని అందుకుని అన్ని దేశాలనూ అడిగింది. అభివృద్ధి చెందిన దేశాల్లో ఇళ్లలో వాడే కరెంటులో 5 నుంచి 10 శాతం ఇలా పోతోందని అదే ల్యాబొరేటరీ అంచనా. 2001లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ వీటిని రక్తపిశాచాలతో పోల్చి, ప్రభుత్వ ఆఫీసులు కొనే వస్తువులు ఒక వాట్ లోపే ఉండాలని ఉత్తర్వు ఇచ్చాడు. దక్షిణ కొరియా 2010 కల్లా ఒక వాట్‌కు తేవాలని గడువు పెట్టుకుని, పరిమితి దాటిన వస్తువుల మీద హెచ్చరిక లేబుల్ అంటించాల్సిందేనంది. యూరప్‌లో 2010లో ఒక వాట్, 2013లో అర వాట్ అయింది. మా టీవీ అంత బుద్ధిగా అర వాట్ లోపు ఉండటం దాని మంచితనం కాదు, ఈ రూల్స్ చలవ. రూల్ పెడితే ఇంజినీర్లు చేసి చూపించారు.

మరి సెట్‌టాప్ బాక్సుకేం రోగం? ఆలోచిస్తే విషయం సులువే. టీవీ మనం చూసి, లేబుల్ చదివి కొనుక్కుంటాం. బాక్సు సర్వీసు ఇచ్చేవాడు తెచ్చి పెట్టిపోతాడు, వాడికి అది చవగ్గా రావాలి, ఎప్పుడు పలకరించినా పలకాలి, అప్‌డేట్ పంపితే తీసుకోవాలి. కరెంటు బిల్లు వాడు కట్టడు. నేను కడతాను, కానీ ఏ బాక్సు కావాలో నన్నెవరూ అడగలేదు, అది ఎన్ని వాట్లు లాగుతుందో పెట్టె మీద రాసి లేదు. ఫోనుచేసి అడిగితే అవతలి అమ్మాయి పాపం ప్రశ్న అర్థం కాక రీస్టార్ట్ చేసి చూడమంది. అమెరికాలో 2013లో టీవీ సర్వీసు కంపెనీలు, ఇంధన పొదుపు కోసం పనిచేసే సంఘాలు ఒకచోట కూర్చుని బాక్సుల కరెంటు తగ్గించాలని స్వచ్ఛంద ఒప్పందం చేసుకున్నాయి, ఆ పని ఎక్కడైనా చేయొచ్చు. నేను అడిగేది అంతకంటే చిన్నది: బాక్సు మీద రెండు అంకెలు అచ్చువేయండి, నడుస్తున్నప్పుడు ఎన్ని వాట్లు, ఆపేశాక ఎన్ని వాట్లు. ఆ రెండూ పక్కపక్కన 12, 11 అని కనిపిస్తే ఎవరికైనా సిగ్గేస్తుంది, ముందు తయారుచేసినవాడికే.

ఇక మీకు ఒక మనవి. వచ్చే ఎండాకాలం మళ్లీ కరెంటు ఆదా చిట్కాలు వేస్తారు, తెలుసు. ఈసారి చార్జర్ బొమ్మ తీసేసి సెట్‌టాప్ బాక్సు బొమ్మ వేయండి, ఎర్ర లైటు వెలుగుతున్నది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు